ఎవరితో అన్నది

మధ్యాహ్నం పాప నిద్రపోయాక గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ఆమె పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పాపకి మాటలు నేర్పే స్పీచ్ మేడమ్ చెప్పినట్టు పేజీకి మూడు గళ్లు గీసింది. మొదటి గడిలో పాప అన్న కొత్త మాట, రెండో గడిలో ఎవరితో అన్నది, మూడో గడిలో ఏ సందర్భంలో అన్నది. పాపకి మూడేళ్లు దాటి రెండు నెలలయింది. చెవులు బాగానే వినిపిస్తున్నాయని పరీక్షలు చేసి చెప్పారు. నవ్వుతుంది, ఆడుతుంది, చెప్పిన పని చేస్తుంది. మాట్లాడమంటే మాత్రం వేలు పట్టుకుని లాక్కెళ్లి చూపిస్తుంది. ఆ వారం కొత్త మాటలు ఐదు. బుడగ, మేడమ్‌తో. బంతి, మేడమ్‌తో. పో, నాన్నతో. కాకి, నానమ్మతో. ఇంకా, మేడమ్‌తో. రెండో గడిని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదువుకుంది. ఎటునుంచి చదివినా అందులో అమ్మ లేదు.

అసూయపడకూడదని ఆమెకి తెలుసు. బిడ్డకి మాటలొస్తుంటే తల్లి సంతోషించాలి గానీ, ఎవరితో అన్నదో చూసుకుని ఏడవకూడదు. అయినా ఏడుపొచ్చింది. ఆ మేడమ్ గది ఎప్పుడూ అద్దంలా ఉంటుంది. నేల మీద చాప, చాప మీద పొట్టి బల్ల, బొమ్మలన్నీ అల్మరాలో, అల్మరాకి తాళం. మేడమ్ ఒక్కో బొమ్మే తీస్తుంది, పాప కళ్లకెదురుగా దాన్ని తన నోటి దగ్గర పెట్టుకుని మెల్లిగా దాని పేరు చెబుతుంది. పాప ఆ నోటిని చూస్తుంది చూడండి, ప్రపంచంలో ఇంకో నోరే లేనట్టు! వారానికి రెండు రోజులు, రోజుకి ముప్పావుగంట. ముప్పావుగంట ఎవరైనా దేవతల్లా ఉండగలరు. ఎదురుగా మాడుతున్న కూర లేదు, పక్కగదిలోంచి తువ్వాలెక్కడని కేక లేదు. మిగతా వారమంతా పాప ముక్కు తుడిచిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగిందీ తను. బుడగ మాత్రం మేడమ్‌కి!

అప్పుడామె ఒక పని చేసింది. కింద ఇంకో గీత గీసి ఆరో మాట రాసింది. 'నీళ్లు. అమ్మతో. దాహమేసినప్పుడు.' రాశాక ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, పుస్తకం మూసేసింది.

ఆ వారం ఆసుపత్రి గదికి భర్త కూడా వచ్చాడు. ఇన్సూరెన్సు కంపెనీలో పని ఆయనకి, మాటలతోనే నెట్టుకొచ్చే మనిషి. ఆయన కూతురికి మాటలు రాకపోవడమేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటే ఆ బాధ ఆయనకీ ఉంది. మేడమ్ పుస్తకం తిరగేస్తూ ఆరో గీత దగ్గర ఆగింది. "అబ్బ! నీళ్లు అందా! మీతోనా! చూశారా, నేను చెప్పలేదూ?" అని ఆమె భుజం తట్టి, గ్లాసులో నీళ్లు పోసి పాపకి కాస్త దూరంగా పట్టుకుంది. "ఏం కావాలమ్మా?" అని అడిగి, ఎదురుచూస్తూ కూర్చుంది.

పాప గ్లాసు వంక చూసింది. మేడమ్ వంక చూసింది. లేచొచ్చి తల్లి వేలు పట్టుకుని గ్లాసు వైపు లాగింది. మేడమ్ ఆగింది. ఇంకా ఆగింది. పాప వేలు ఇంకా గట్టిగా లాగింది.

"అనలేదు మేడమ్, నేనే రాశాను" అంది ఆమె. తల కొట్టేసినట్టయింది.

భర్త ఒక్కసారి కుర్చీలో ముందుకు జరిగాడు. "చూశారా మేడమ్? డాక్టరు దగ్గర అబద్ధాలు! ఇంట్లో ఉండి పిల్లని చూసుకోవడమే ఈవిడ పని, అది కూడా..."

"ఆగండి సార్" అంది మేడమ్. కోప్పడలేదు. ఆమెనే చూస్తూ, "రాయాలనిపించి ఉంటుంది. చాలామంది అమ్మలకి అనిపిస్తుంది. నాకు చెప్పరు, అంతే" అంది. ఆ మంచితనానికి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది. "మీలో తప్పేం లేదమ్మా. మీరు పాప ముఖం చూసే అన్నీ పసిగట్టేస్తారు. దాహమేసేలోపే గ్లాసు చేతిలో పెట్టేస్తారు. తనకి ఇక మాటతో పనేముంటుంది? మీరు కాస్త ఆలస్యం చెయ్యాలి. పాప ఎత్తుకి దిగి కూర్చుని, ముఖంలోకి చూస్తూ, మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. మధ్యలో మీరు మాట్లాడొద్దు, ఎవర్నీ మాట్లాడనివ్వొద్దు. పాప ఏ చిన్న ధ్వని చేసినా, అది చాలా గొప్ప మాటన్నట్టు వినండి. ఒక మాట అంటే, దానికి ఇంకో మాట చేర్చి మీరు చెప్పండి. ఎప్పుడో ఒకనాడు తనే రెండు మాటలు కలుపుతుంది."

"నా విషయంలోనూ అంతే మేడమ్" అని భర్త నవ్వాడు. "కళ్లద్దాలు, ఫోను, కాఫీ, ఏదీ అడగక్కర్లేదు. చేతికొచ్చేస్తాయి."

"అయితే ఇంట్లో మాటలు నేర్చుకోవాల్సినవాళ్లు ఇద్దరున్నారన్నమాట" అంది మేడమ్. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. ఎవరి మీద వేసిన జోకో ఆయనకి బోధపడలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన ఆ పది అంకెల పద్ధతిని ప్రాణం పెట్టి పట్టుకున్నాడు. సాయంత్రం రాగానే బూట్లు విప్పి, ఫోను పక్కన పెట్టి, టీవీ కట్టేయించి, నేల మీద పాపకెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. చేతిలో బంతి పట్టుకుని, కనుబొమలు పైకెత్తి, నోరు కాస్త తెరిచి, ఎదురుచూసేవాడు. పాప "బ" అంటే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది. "బంతి! పెద్ద బంతి!" రోజుకో పావుగంట. ఆ పావుగంటకి ఇల్లంతా ఆహా ఓహో అన్నది. ఆడపడుచు ఫోన్లో, "అన్నయ్యకి ఎంత ఓపికో! మా ఆయన్ని చూస్తే ఒక్క నిమిషం కూర్చోడు" అంది. అత్తగారు ఎదురింటావిడకి చెప్పి మురిసిపోయింది. పదకొండు నెలలుగా రెండు బస్సులు మారి పాపని గదికి తీసుకెళ్లి తీసుకొస్తున్న మనిషి ఓపిక గురించి ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు. అది ఓపిక కిందికి రాదు కాబోలు, గాలీ వెలుతురూ లాంటిదేమో.

ఒక సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ వంటింటి గుమ్మంలోంచి ఆ ఇద్దరినీ చూసింది. ఆయన వంగి, పాప ముఖంలోకి చూస్తున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పాప ఏమంటుందో, అసలు అంటుందో లేదో తెలియకుండా, తొందరలేకుండా, ఆ మనిషి అలా కూర్చున్నాడు. పెళ్లయి ఏడేళ్లయింది. ఆయన తన ముఖంలోకి అలా చూసిన రోజు ఒక్కటి గుర్తు తెచ్చుకోవాలని చూసింది. తను మాట మొదలుపెడితే ఆయన చెయ్యి ఫోను మీదికి పోతుంది. లేకపోతే, సగం వాక్యం వినగానే మిగతాది తనే పూర్తిచేసి, ఆ పూర్తిచేసినదానికే జవాబు చెబుతాడు. తను అసలేం చెప్పబోయిందో తనకే గుర్తుండదు. కత్తి ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ మేడమ్ మీద అసూయ అనుకుంది, ఆయనకి దక్కిన పొగడ్తల మీద అనుకుంది. అవేం కావు. తను అసూయపడుతున్నది కూతుర్ని చూసి. కడుపున పుట్టిన మూడేళ్ల పిల్లని చూసి! ఛీ అనుకుంది. ఉల్లిపాయలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, కళ్లు ఎందుకు తుడుచుకుంటున్నావని ఎవరూ అడగలేదు. ఉల్లిపాయలు లేకపోయినా అడిగేవాళ్లు కాదనుకోండి.

తను మాట్లాడితే జనం వినే చోటు ఒకటి ఉండేది. పాపకి స్పీచ్ గది మొదలయ్యేదాకా ఆమె ఇంకో ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేది. చల్లటి చీకటి గదిలో, అద్దం వెనకనుంచి, "ఊపిరి తీసుకోండి. అలాగే ఆపండి. ఇక వదలండి" అనేది. ఎంతటివాళ్లయినా సరే, బయట పదిమందిని గదమాయించే పెద్దమనుషులైనా, ఆమె ఆపమంటే ఊపిరి ఆపేవాళ్లు, వదలమంటే వదిలేవాళ్లు. సెలవు పెట్టిన రోజున, "నాలుగు నెలలేగా" అన్నాడు భర్త. నాలుగు ఎనిమిదయ్యాయి, ఎనిమిది పదకొండయ్యాయి. ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే వారం కాక ఆ పైవారం సోమవారం చేరితే సరి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి. ఏ సంగతైనా దానికి ముందు శుక్రవారం సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పాలి.

ఆ సంగతి భర్తతో చెప్పడానికి తొమ్మిది రోజులు ప్రయత్నించింది. మొదటిరోజు టిఫిన్ దగ్గర, "మా ఆసుపత్రి నుంచి..." అంది. ఆయన పాప నోటివైపు చూస్తూ, "నువ్వాగు, ఏదో అనబోతోంది" అన్నాడు. పాప ఏమీ అనలేదు, తుమ్మింది. ఇంకోరోజు ఆయన బూట్లు విప్పుతుంటే, "సోమవారం నుంచి నేను..." అంది. "నువ్వాగు, ముందు దీని పావుగంట కానీ." ఆదివారం చుట్టాల ముందు ఎవరో, "మళ్లీ ఉద్యోగంలో చేరవా అమ్మాయ్?" అని తననే అడిగారు. తను నోరు తెరిచేలోపు, "నువ్వాగు, నేను చెప్తాను" అని ఆయనే చెప్పాడు. పాపకి మాటలొచ్చేదాకా అలాంటి ఆలోచనే లేదట ఆమెకి. అందరూ తలలూపారు. ఆమె కూడా ఊపింది. అది తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

శుక్రవారం ఆయన తొందరగా వచ్చాడు. కిటికీ దగ్గర ఇంకా ఎండ ఉంది. అత్తగారు మంచం మీద కూర్చుని పాప గౌనుకి గుండీ కుడుతోంది. పాప నేలమీద బొమ్మ మూతికి చెంచా ఆనిస్తోంది. ఆసుపత్రి ఆఫీసు మూసేయడానికి ఇంకో అరగంటే టైముంది. ఆమె స్టవ్ కట్టేసి, వంటింట్లోంచి హాల్లోకి వచ్చి, నడిమధ్య నిలబడింది.

"ఏవండీ, ఒక మాట చెప్పాలి. మా ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం నుంచి నేను..."

పాప తలెత్తింది. చెంచా ఉన్న చెయ్యి తల్లివైపు చాపి, అచ్చం తండ్రిలా కనుబొమలు ముడిచి, ఒక్కో మాటా విడివిడిగా అంది:

"నువ్వు ఆగు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత భర్త ఎగిరి గంతేశాడు. "రెండు మాటలు! రెండు మాటలు కలిపింది! అమ్మా, విన్నావా? నా తల్లే! నా బంగారమే!" పాపని ఎత్తి గిరగిరా తిప్పాడు. అత్తగారు కూడా చప్పట్లు కొట్టింది. రెండు చప్పట్లు కొట్టి, మూడోదానికి చేతులు దగ్గరికొచ్చి ఆగిపోయాయి. కోడలి ముఖం చూసి, సూది కోసం ఒడిలో వెతుక్కోవడం మొదలుపెట్టింది. "రాయ్, రాయ్, పుస్తకంలో రాయ్!" అంటున్నాడు ఆయన. "ఇప్పుడే మేడమ్‌కి ఫోన్ చేస్తాను!"

నెలల తరబడి ఈ రోజు కోసం కళ్లు కాయలు కాచేలా చూసింది. ఇలా వస్తుందనుకోలేదు. ఆమె పుస్తకం తీసింది, గీత గీసింది. మొదటి గడిలో, 'నువ్వు ఆగు.' రెండో గడిలో, అమ్మతో. ఇన్నాళ్లకి దక్కింది, ఈసారి అబద్ధం కూడా కాదు. మూడో గడి దగ్గర కలం ఆగింది. పాప ఇన్నాళ్లూ మాటలు పట్టించుకోలేదనుకున్నారు అందరూ. ఎంత పొరపాటు! ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరి మాట తెంపేయొచ్చో పిల్ల శ్రద్ధగా వింది, నేర్చుకుంది. రేపు బళ్లో, ఎల్లుండి ఇంకో ఇంట్లో, ఎవరైనా దాన్ని ఆగమంటే, అదీ నేర్చుకున్నట్టే ఆగిపోతుంది. ఇందాకటిదాకా కూతుర్ని చూస్తే అసూయ. ఇప్పుడు భయమేసింది. ఆమె మూడో గడిలో రాసింది: 'అమ్మ తన ఉద్యోగం గురించి చెప్పబోతుండగా.'

రాసి, ఆయన చేతికిచ్చింది. ఆయన నవ్వుతూనే అందుకున్నాడు. చదివాక నవ్వు కాస్త వంకర పోయింది. "ఇదేంటి? ఇవన్నీ మేడమ్‌కి చూపిస్తావా?"

"చూపిస్తాను. సందర్భం రాయమన్నారుగా" అంటూనే ఆమె ఫోన్ తీసి ఆసుపత్రికి కలిపింది. అవతల గుమాస్తా ఎత్తాడు. సోమవారం పొద్దున్న వస్తున్నానని చెప్పింది. రెండు వాక్యాలు, మధ్యలో ఎవరూ తెంపలేదు. ఫోన్ పెట్టేసి భర్త వైపు తిరిగింది. "నేను సోమవారం చేరుతున్నాను. పాపని వారంలో ఒకసారి మీరు తీసుకెళ్లండి, ఇంకోసారి నేను సెలవు తీసుకుంటాను."

"నేనా! నా పని... చూడు, నువ్వాగు..."

"ఆగను. పూర్తిచేస్తాను. బస్సు నంబర్లు రాసిపెడతాను. నేను వచ్చేదాకా అత్తయ్యకి తోడుగా సాయంత్రం మీరు ఉండాలి."

ఆయన తల్లివైపు చూశాడు. అత్తగారు దారం కొరుకుతూ, "నేను ఉంటానులే పొద్దున్నపూట. వెళ్లనీ" అంది, ఎవరివైపూ చూడకుండా.

ఆయన ముఖం ఎర్రబడింది. పాపని కిందికి దింపి గొంతు తగ్గించాడు. "సరే, ఇదంతా తర్వాత మాట్లాడుకుందాం. పాప ముందా ఈ మాటలు?"

"పాప ముందే" అంది ఆమె. "అది వినాలనే చెప్తున్నాను."