పదకొండో ప్లేటు

గ్రిగ్స్ పట్టకారుతో స్టాంపును భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి, "చెత్త," అని పక్కకు నెట్టాడు. పొద్దున్నుంచి అలా నెట్టినవి నలభై దాకా ఉంటాయి.

స్ట్రాండ్ వీధిలో టోల్‌మన్ స్టాంపుల దుకాణం వెనకగదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని ఇదే. విక్టోరియా రాణి బొమ్మతో 1840లో వచ్చిన నల్ల పెన్నీ స్టాంపును చూసి, అది ఏ ప్లేటు మీద ఎక్కడ అచ్చయిందో చెప్పాలి. వరస, గడి చెప్పడానికి తెలివి అక్కర్లేదు. కింది మూలల్లో ఉన్న రెండక్షరాలే చెప్పేస్తాయి. ప్లేట్లు మాత్రం పదకొండు, చివరిదాని మీద అచ్చయిన నల్లవి బహు అరుదు. అక్షరాలను చేత్తో కొట్టి దించారు గనక ఒక ప్లేటు మీద పడ్డట్టు ఇంకోదాని మీద పడలేదు. ఆ వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే విద్య. అది లండన్ మొత్తానికి తనొక్కడికే వచ్చునని, మిగతావాళ్లంతా కళ్లున్న గుడ్డివాళ్లని గ్రిగ్స్ నమ్మకం.

ఒంగిన భుజాలు, మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటరు, పొగాకుతో పచ్చబడ్డ వేళ్లు. బావగారి ఆల్బమ్ చూసి "గోడకు అంటించుకోండి" అన్నందుకు చెల్లెలు పదేళ్లుగా మాట్లాడటం లేదు. అది అతనికి లోటనిపించలేదు.

టోల్‌మన్ తలుపు సందులోంచి తొంగిచూశాడు. "గ్రిగ్స్, నీకోసం ఒకావిడ వచ్చింది."

"కొనడానికా, అమ్మడానికా?"

"రెండూ కాదట. నువ్వు చెప్పింది తప్పంటోంది."

వచ్చినావిడ మిస్ పార్గెటర్, రిటైరైన బడిపంతులమ్మ. తడిసిన రెయిన్‌కోటు విప్పకుండానే కవరులోంచి రెండు స్టాంపులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. రెండింటి మీదా ఎన్, హెచ్ అక్షరాలే.

"ఇరవై మూడేళ్ల కిందట మా నాన్న ఈ నల్లదాన్ని మీకు చూపించారు. పదకొండో ప్లేటేమో అన్నారు. మీరు కూర్చోమనైనా అనకుండా ఎనిమిది అన్నారు."

"ఎనిమిదే. పదకొండో ప్లేటుది ప్రతి ఇంటి కుట్టుపెట్టెలోనూ దొరకదు మేడమ్."

"అప్పుడూ ఆ మాటే అన్నారు. స్టాంపుల క్లబ్బులో తెలిసి అందరూ నవ్వారు. మా నాన్న మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. పోయేదాకా ఆల్బమ్ తెరవలేదు."

"అయితే నన్నేం చేయమంటారు? సమాధికి పూలు పంపమంటారా?"

"చూడమంటాను. ఈ ఎర్రది పదకొండో ప్లేటుదే, దీన్ని పక్కన పెట్టుకుని చూడండి. నల్లవి ఆపేశాక అదే ప్లేటు మీద ఎర్రవి వేశారు కదా."

గ్రిగ్స్ ముక్కుతో నవ్వాడు. ఎర్రవి! కోట్లకొద్దీ అచ్చేసిన ఆ చిత్తుకాగితాలను ఏనాడూ అతను భూతద్దం కింద పెట్టలేదు.

"ఉద్యోగం పోయినా మీ పంతులమ్మలకు ఎర్రసిరా మాత్రం వదలదు."

"తప్పు కనిపిస్తే ఎలా వదులుతుంది?" అందావిడ. "ఎదురు హోటల్లో టీ తాగి నాలుగింటికి వస్తాను. తప్పయితే తప్పని రాసివ్వండి. చాలు."

ఆవిడ అటు వెళ్లగానే, నవ్వుకోవడానికే అతను ఎర్రదాన్ని చూశాడు. హెచ్ కుడికాలి కింద సన్నని గీత, నలుసంత. నల్లదాన్ని చూశాడు. అదే చోట అదే గీత. ఎనిమిదో ప్లేటు నమూనాలు అంటించిన కార్డు తీశాడు. అక్కడ గీత లేదు, ఎన్ కూడా అంత వాలిలేదు.

ఆ రోజు గుర్తొచ్చింది. తను కార్డు తియ్యనేలేదు. ఆ ముసలాయన బూట్లకంటిన బురద చూసి, ఈ మనిషి దగ్గర పదకొండేమిటి అనుకుని, ఎనిమిది అన్నాడు.

ఇప్పుడూ ఎనిమిదే అనొచ్చు. లండన్ అంతా తన మాటే నమ్ముతుంది. తన లెక్కలో లండన్ అంతా మూర్ఖులే గనక. కానీ చూడకుండా చెప్పిన మూర్ఖుణ్ణి ఏమనాలి? గ్రిగ్స్ చాలాసేపు ఆ గీతను చూశాడు. తర్వాత కలం తీశాడు.

నాలుగింటికి మిస్ పార్గెటర్ తిరిగొచ్చేసరికి అతను బల్ల మీద చెంప ఆనించి ఉన్నాడు.

"కునుకు తీస్తున్నట్టున్నాడు. ఒరే గ్రిగ్స్!" అని టోల్‌మన్ భుజం పట్టి కుదిపాడు. మళ్లీ కుదిపాడు.

చేతికింద చీటీ ఉంది. "ఎన్ హెచ్. పదకొండో ప్లేటు. 1934లో చూడకుండా చెప్పాను. తప్పు నాది. ఎం. గ్రిగ్స్."

టోల్‌మన్ అది చదివి టోపీ తీశాడు. "ముప్పై ఒక్క ఏళ్లలో తప్పన్న మాట వీడి నోట వినలేదమ్మా. అలవాటు లేని పని, ప్రాణం తీసింది."

ఆవిడ నవ్వలేదు. చీటీని మడిచి స్టాంపులతో పాటు కవరులో పెట్టుకుంది. ఏమనుకుందో, రెయిన్‌కోటు విప్పి, అంబులెన్సు వచ్చేదాకా అతని పక్కన కుర్చీలో కూర్చుంది.

చెల్లెలికి టెలిగ్రాం వెళ్లింది. శనివారం దాకా ఎవరూ రాలేదు. పనిలో మునిగినప్పుడు కట్టుడుపళ్లు తీసి పక్కన పెట్టడం గ్రిగ్స్ అలవాటు. కిటికీ గట్టు మీద సాసరు నీళ్లలో అవి అలాగే ఉన్నాయి, కింది వరసలో బిస్కెట్ ముక్క ఒకటి ఇంకా నానుతూనే ఉంది.