కాటమయ్య కాలినొప్పి

గోపమ్మకు పొద్దున్నే వాకిలి ఊడ్చే తీరిక కూడా దొరికేది కాదు. కట్టంగూరులో ఎవరికి ఏం నొచ్చినా ఆమె గడప దగ్గరికే వచ్చేవాళ్లు. నొచ్చినచోట ఆమె అరచెయ్యి పెడితే ఆ నొప్పి ఆమె ఒంట్లోకి వచ్చేసేది. వచ్చినవాళ్లు చేతులూపుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. పోచయ్య పంటినొప్పి తీసిన రోజు జొన్నరొట్టె నమలలేక అంబలి తాగి ఊరుకుంది. తేలు కుట్టినవాళ్లు వస్తే ఇక ఆ పూట పొయ్యి వెలగనట్టే. మర్నాటికల్లా నొప్పి దానంతటదే పోయేది. దీన్ని ఊళ్లో ఎవరూ వింతగా చెప్పుకోలేదు, అడగడానికి మొహమాటపడ్డవాళ్లూ లేరు.

ఆమె పెనిమిటి కాటమయ్య తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. పందొమ్మిది వందల యాభై ఏడులో, మిరుగు కార్తె పోయాక, దేశమంతా పాకిన సర్దిజ్వరం ఊరిమీద పడింది. కాటమయ్య దగ్గి దగ్గి బక్కచిక్కి, ఎలాగో బయటపడ్డాడు. గోపమ్మ గుండె కుదుటపడిందో లేదో, అతని ఎడమ పిక్క వాచింది, నొప్పి కాలు కింద మోపనివ్వలేదు.

గీసేవాడు మంచం పడితే తోటివాళ్లు అతని చెట్లు వంతులేసుకుని గీసిపెట్టడం వాళ్లలో ఆచారం. ఈసారి తోటివాళ్లూ మంచాల్లోనే ఉన్నారు. గీత తప్పితే గెల ఎండిపోతుంది, ఆ ఏడు ఆ చెట్టు ఇక కల్లివ్వదు.

"జర తియ్యరాదే," అన్నాడు కాటమయ్య. "ఊరందరియి తీస్తవు. నా చెట్లు ఎండుతున్నయి."

"ఇంకో రెండొద్దులు పండుకో. పానం కంటే చెట్లు ఎక్కువనా?"

"నొప్పి ఒక్కటే గదనే. జ్వరం పోనే పోయె."

నిజమే కదా అనిపించింది గోపమ్మకు. వాచిన పిక్కమీద చెయ్యి పెట్టింది. ఆమె కాల్లోకి నిప్పు దిగినట్టయింది. కాటమయ్య లేచి, గీతకత్తులు నడుముకు కట్టి, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నవ్వుకుంటూ పోయాడు.

ఎండ ముదిరాక, మేకలు కాసే అంజన్న ఉరికొచ్చాడు. "వదినే! అన్న చెట్టు మొదట్ల కూలబడ్డడు. దమ్మాడుతలేదంటుండు!"

గోపమ్మ ఉరకబోయింది. మగని నొప్పి ఆమెను ఉరకనివ్వలేదు. కాలీడ్చుకుంటూ, పడుతూ లేస్తూ, చివరికి చేతులమీద పాకుతూ చేరేసరికి కాటమయ్య పెదాలు నీలమెక్కి ఉన్నాయి. అతని రొమ్ముమీద రెండు చేతులూ పెట్టి వెతికింది. తీయడానికి అక్కడ నొప్పేమీ లేదు.

ఊరికి మందులు పంచడానికి వచ్చిన డాక్టరు అంతా విని తల పట్టుకున్నాడు. "ఈ జ్వరం తర్వాత కొందరికి కాలి నరంలో నెత్తురు గడ్డ కడుతుందమ్మా. నొప్పి ఉంటే మనిషి కదలడు. కదిలితే గడ్డ తెగి, పైకిపోయి, ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది."

గోపమ్మ ఏడవలేదు. ఆ నొప్పి మర్నాటికి పోలేదు, దినాలయ్యాకా పోలేదు. పోవద్దనే ఆమెకు ఉంది. పిక్కను రెండు చేతులా పట్టుకుని, మగడు పక్కనున్నట్టే దాంతో మాట్లాడేది.

నాట్లు మొదలయ్యాక పక్కింటి బిక్షమ్మ జ్వరం నుంచి లేచి, వాచిన కాలితో కుంటుకుంటూ వచ్చి గడపలో కూర్చుంది.

"తియ్యి చెల్లె. కూలికి పోవాలె."

"వద్దక్కా. కదలకుండ పండుకో. డాక్టరు చెప్పిండు."

"పండుకుంటే పిల్లలకు ఎవలు పెడతరు? నువ్వు తియ్యకున్నా పోత. గీ మాత్రం నొప్పికి ఆగుతనా?"

బిక్షమ్మ లేవబోయింది. గోపమ్మ ఆమెను పట్టి కూర్చోబెట్టి, పిక్కమీద చెయ్యి వేసింది. తీసుకోవడమే గానీ ఇవ్వడం ఆమె ఎన్నడూ చేయలేదు. కళ్లు మూసుకుని, తన దగ్గరున్న కాటమయ్య నొప్పినంతా ఆ కాల్లోకి వదిలింది.

బిక్షమ్మ కెవ్వున అరిచింది. ఆమెను మంచం మీద మోసుకుపోయారు. వాపు దిగేదాకా కదల్లేక ఆమె గోపమ్మను తిట్టని తిట్టు లేదు. గోపమ్మ రోజూ ఆ తిట్లు వింటూనే ఆమె పిల్లలకు జొన్న గటక వండి పెట్టింది. బిక్షమ్మ బతికింది.

కానీ బిక్షమ్మను మోసుకుపోయిన రోజు, అందరూ వెళ్లిపోయాక, గోపమ్మ లేచి నిలబడి చూసుకుంది. కాలు తేలిగ్గా ఉంది. గట్టిగా నేలకేసి కొట్టింది, పిక్క పిసికింది, గిచ్చింది. ఎక్కడా ఏమీ లేదు. వాకిట్లోనే కూలబడి, ఆ కాలిని గుండెకు హత్తుకుని బోరుమంది.

"ఒక్కసారి నొవ్వరాదయ్యా," అని బతిమాలింది. "జరంత నొవ్వరాదయ్యా."