తలుపు తీయని నెవిల్

మా ఎదురింటి నెవిల్ స్టబ్స్ అత్తగారి ఫొటో తగిలించబోయి ఇల్లు పాడుచేసుకున్నాడు. ఆ గోడలో నీళ్ళ గొట్టం ఉందని అతనికి తెలియదు. మేకు సూటిగా గొట్టంలోకి దిగింది. పీకి చూస్తే నీళ్ళు మొహాన చిమ్మాయి. కంగారుపడి మేకును మళ్ళీ అక్కడే కొట్టేసి, దానికే ఫొటో తగిలించి, ఎవరికీ చెప్పకుండా టీ తాగడానికి వెళ్ళిపోయాడు. నీళ్ళు గోడ లోపల కారి కారి, వారం తిరక్కుండా వంటింటి పైకప్పు ఊడి పొయ్యిమీద పడింది.

మరమ్మతులు అయ్యేదాకా ఉండమని నెవిల్ భార్య మోరీన్ వాళ్ళ అన్న డెస్మండ్ తన కారవాన్ ఇచ్చాడు. ఏటా కారు వెనక తగిలించుకుని సముద్రం ఒడ్డుకు లాక్కెళ్ళే, చిన్న ఇల్లులాంటి బండి అది. దాన్ని తెచ్చి నెవిల్ ఇంటి ముందే నిలబెట్టాడు. నెవిల్, మోరీన్, ఆమె తల్లి ఎడ్నా, గ్రేవీ అనే బండ కుక్క అందులోకి చేరారు.

అందులో ఒకరు కదలాలంటే అందరూ కదలాలి. మోరీన్ టీ పెట్టాలంటే నెవిల్ మంచమెక్కాలి. నెవిల్ ప్యాంటు తొడుక్కోవాలంటే కుక్క బయటికి పోవాలి. ఎడ్నా భారీ మనిషి. ఆవిడ అటునుంచి ఇటు ఒత్తిగిలితే బండి మొత్తం పడవలా ఊగేది.

లోపల తలుపున్న చోటు ఒక్క టాయిలెట్టే. బీరువా అంత ఉంటుంది. నెవిల్ పొద్దున్నే పేపరు పట్టుకుని అందులో దూరేవాడు. కూర్చున్నాడో లేదో తలుపు దబదబలాడేది.

"నెవిల్, లోపలే కాపురం పెట్టావా?" అనేది ఎడ్నా.

"ఇప్పుడే కదండీ వచ్చింది, ఎడ్నా గారూ!"

"నీకు ఇప్పుడే. నాకు ఎనభై అయిదేళ్ళు. లే బయటికి."

జవాబు చెప్పినకొద్దీ మాట పెరుగుతోందని నెవిల్‌కు అర్థమయింది. అప్పటినుంచి ఎవరు తలుపు కొట్టినా పలకడం మానేశాడు. చచ్చినా పలికేవాడు కాదు. కాసేపు కొట్టి వాళ్ళే విసుగెత్తి పోయేవాళ్ళు.

ఒక శనివారం పొద్దున ఎడ్నా జుట్టు సెట్ చేయించుకుంటానంది. మోరీన్ తల్లినీ కుక్కనూ కారెక్కించి, చెప్పి వెళ్దామని టాయిలెట్ తలుపు కొట్టింది. నెవిల్ పలకలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళటు వెళ్ళగానే డెస్మండ్, అతని భార్య కోరల్ ఇటు వచ్చారు. ఆ వారం సముద్రం ఒడ్డున ఫైలీలో తమకు సెలవులనీ, కారవాన్ కావాలనీ డెస్మండ్ ముందే తల్లికి ఫోన్ చేసి చెప్పాడు. ఎడ్నా సరేనంది. అనేసి మరిచిపోయింది. వచ్చి చూస్తే మోరీన్ కారు లేదు. డెస్మండ్ కారవాన్ తలుపు బాదాడు. పలుకు లేదు.

"ఏ హోటల్‌కో మారినట్టున్నారు. పద, దారిలో బళ్ళు ఎక్కువవుతాయి," అంది కోరల్.

లోపల నెవిల్ పేపరు చప్పుడు కాకుండా తిప్పాడు.

కరెంటు తీగ పీకారు, బండికి ఊతగా ఉన్న ఇనప కాళ్ళు పైకెత్తారు, కారుకు తగిలించారు. కిర్రుమంటుంటే ఇంట్లో పనివాళ్ళనుకున్నాడు నెవిల్. బండి ఊగింది. ఎడ్నా ఒత్తిగిలిందనుకున్నాడు. మళ్ళీ ఊగింది. మళ్ళీ ఒత్తిగిలిందనుకున్నాడు. ఆఖరికి బండి పక్కకు ఒరిగి మోకాలు గోడకు కొట్టుకుంది.

"మెల్లగా తిరగండి, ఎడ్నా గారూ!" అని అరిచి, చిన్న కిటికీ తెరిచి చూశాడు. మా వీధి చివరి బేకరీ వెనక్కి పోతోంది.

తలుపు తొయ్యబోతే రాలేదు. అవతల పరుపు జారి తలుపుకు అడ్డం పడింది. నెవిల్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. సిగ్నల్ దగ్గర పక్కనే ఒక బస్సు ఆగింది. దాని డ్రైవరు ట్రెవర్. నెవిల్‌తో పాటు పదేళ్ళుగా ఒకే బస్సు డిపోలో పనిచేస్తున్నవాడు.

"ట్రెవర్! కాపాడు! నన్ను లాక్కుపోతున్నారు!"

ట్రెవర్‌కు ఇంజన్ చప్పుడులో ఏమీ వినపడలేదు. సంతోషంగా చెయ్యి ఊపాడు. "అదృష్టవంతుడివిరా నెవిల్! బాగా ఎంజాయ్ చెయ్యి!" అన్నాడు.

ఇక్కడ మోరీన్ తిరిగొచ్చింది. కారవాన్ ఉన్నచోట కాళ్ళు తుడుచుకునే పట్టా, దానిమీద నెవిల్ బూట్లు ఒద్దికగా పెట్టి ఉన్నాయి. ఇంకేమీ లేదు. నేను తోటలో గడ్డి కోస్తున్నాను. వాళ్ళ మొహాలు చూసి దగ్గరికెళ్ళాను.

ఎడ్నా బూట్ల వైపు చాలాసేపు చూసింది. "దేవుడు తీసుకుపోయినట్టున్నాడే," అంది.

"కారవాన్‌తో సహానా అమ్మా?"

"పోతే పోయాడు. నా పళ్ళు అందులోనే ఉన్నాయి." అప్పుడు చూశాను, ఆవిడ నోట్లో కట్టుడు పళ్ళు లేవు.

"డెస్మండ్ వచ్చి బండి లాక్కెళ్ళాడుగా, మీరందరూ కలిసే వెళ్ళారనుకున్నాను," అన్నాను.

"డెస్మండా?" అంది ఎడ్నా. చేతిసంచీ సర్దుకుని, "అవును, ఫైలీ పోతున్నామని ఫోన్ చేశాడు," అంది.

మోరీన్ తల్లి వైపు చూసిన చూపు నేను చెప్పలేను. బూట్లు తీసుకుని, తల్లినీ కుక్కనూ మళ్ళీ కారెక్కించుకుని ఫైలీ బయల్దేరింది.

ఫైలీలో బండి ఆపి, కోరల్ లోపలికెళ్ళి పరుపు పక్కకు లాగి టాయిలెట్ తలుపు తీసింది. పైజామాలో నెవిల్, చేతిలో పేపరు. ఆమె పెట్టిన కేకకు చుట్టుపక్కల బళ్ళవాళ్ళంతా బయటికొచ్చారు. డెస్మండ్ పరుగెత్తుకొచ్చాడు.

"మా సెలవులకు నువ్వెందుకొచ్చావు?" అన్నాడు.

"నేను రాలేదు! నువ్వే తెచ్చావు!"

"తలుపు కొట్టాను కదా, పలకొచ్చు కదా?"

"నువ్వని నాకేం తెలుసు? మీ అమ్మనుకున్నాను!"

డెస్మండ్ కోపం దిగిపోయింది. "అమ్మ అనుకుంటే నేను కూడా పలకను," అన్నాడు. బావాబావమరుదులు కరచాలనం చేసుకున్నారు.

మోరీన్ వచ్చేసరికి ఇద్దరూ చిప్స్ తింటున్నారు. తిట్టడానికి దారంతా మాటలు సిద్ధం చేసుకున్న మనిషి, భర్తను చూడగానే ఏడుపొచ్చి మెడ పట్టుకుంది. ఎడ్నా వాళ్ళను దాటుకుని సూటిగా పళ్ళ దగ్గరికెళ్ళింది. గ్లాసు దొర్లిపోయి పళ్ళు సింకులో పడి ఉన్నాయి. కడిగి పెట్టుకుని, సముద్రం వైపు చూసి, "నేనిక్కడే ఉంటాను," అని ప్రకటించింది.

ఎవరూ కాదనలేకపోయారు. వారమంతా అక్కడే ఉన్నారు. ఆడవాళ్ళు ముగ్గురూ కారవాన్‌లో పడుకున్నారు. మగవాళ్ళిద్దరూ కుక్కతో పాటు బయట గుడారంలో పడుకున్నారు. రోజూ వాన. అయినా జీవితంలో అంత బాగా ఎప్పుడూ నిద్రపోలేదని నెవిల్ నాతో అన్నాడు.

ఆ వారంలోనే మేస్త్రీ వంటింటి నేలకూ గోడలకూ వేసే పలకల రంగు అడగడానికి మోరీన్‌కు ఫోన్ చేశాడు. మోరీన్ ఒడ్డున నడుస్తోంది. ఫోన్ ఎడ్నా తీసింది. ఎవరినీ అడక్కుండా, "ఊదా," అంది.

ఆ సంగతి కూడా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నెవిల్ వాళ్ళ వంటిల్లు ఇప్పుడు కింద ఊదా, గోడలు ఊదా. లోపల నిలబడితే మనిషి మొహం కూడా కాస్త ఊదాగానే కనబడుతుంది. మోరీన్ మాత్రం తనకదే ఇష్టమంటుంది. ఒకరిద్దరు చుట్టాలు నమ్మారు కూడా.