కుంటి స్టూలు

గోడ గీకే యంత్రం ఆపి, పెద్దాయన నడుము పట్టుకుని లేచాడు. తెల్లటి ముసుగు దుస్తుల్లో ఒళ్లంతా చెమట. మూతపడ్డ ఆ అణు కర్మాగారంలో గోడలకీ నేలకీ అంటుకున్న రేడియేషన్ మురికిని ప్రభుత్వం వదిలిస్తోంది. వయసంతా అక్కడే గడిపినవాడని ఆయన్ని మళ్లీ పిలిచారు. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక వచ్చాడు.

ఇక మిగిలింది కార్మికులు బట్టలు మార్చుకునే గది ఒక్కటే. తలుపు తీయగానే మూల చెక్క స్టూలు కనపడింది. ఆయన ప్రాణం లేచివచ్చింది.

ఆ స్టూలు మీద కూర్చునే, అందరికీ ఉతికిన దుస్తులు అందించేది ఆయన భార్య. అప్పటికింకా భార్య కాదులెండి. స్టూలుకి ఒక కాలు పొట్టి. కదిలితే చాలు, టక్కుమనేది.

"ఇంతమంది మగాళ్లున్నారు, దీన్ని బాగుచేయడం ఒక్కరికీ చేతకాదా?" అని ఒకరోజు అందర్నీ కలిపి దులిపేసింది. మర్నాడే ఈయన ఆ కాలికి రేకుముక్క బిగించాడు. ఆవిడ కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసి నవ్వింది. ఆ నవ్వుకే పడిపోయాడు మహానుభావుడు.

ఆవిడ పోయి రెండేళ్లు. ఇంట్లో చీరలున్నాయి, ఫొటోలున్నాయి. ఈ స్టూలు కూడా దక్కితే ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి రేడియేషన్ కొలిచే మీటరుతో స్టూలంతా నెమ్మదిగా తడిమింది. పైచెక్క దగ్గర మీటరు కిమ్మనలేదు. పెద్దాయన అప్పుడే చంకలో పెట్టుకోబోయాడు. ఆ అమ్మాయి తిరగేసి కాళ్ల చివర్లు చూసేసరికి మీటరు గొల్లుమంది.

"ఈ రేకు ఎక్కడిది బాబాయ్?"

ఆయనకి గుర్తొచ్చింది. లోపలి హాల్లో, పైపుల పక్కన దొరికిన ముక్క. అప్పట్లో ఎవరు చూశారు, ఎవరు అడిగారు!

"మా ఆవిడకి... దీనివల్ల ఏమైనా..."

"అయ్యో, అంత లేదు బాబాయ్. కూర్చున్న మనిషికి ఏమీ కాదు. కానీ గేటు దాటనివ్వకూడదు. చెక్కలోకీ ఎక్కింది. ఆ చివర కోసేస్తే మిగతాది తీసుకెళ్లొచ్చు."

తన చేత్తో బిగించింది తన చేత్తోనే కోశాడు. కళ్లు తుడుచుకుందామంటే చేతులకి తొడుగులు, మొహానికి ముసుగు. ఏడవడానికి కూడా వీల్లేని ఉద్యోగం! మీటరు మళ్లీ పెట్టారు. ఈసారి కిమ్మనలేదు.

సాయంత్రం ముసుగు అప్పగించి, "ఇక వస్తానమ్మా" అని చెప్పి, స్టూలు భుజాన వేసుకుని నడిచాడు.

ఇంటికొచ్చి వంటింట్లో పెట్టి కూర్చున్నాడు. టక్కుమంది. చేతకాదా అని ఆవిడ మళ్లీ దులిపేసినట్టే అనిపించింది.

"ఈసారి బాగుచేయనులే" అన్నాడు.

అక్కడ కర్మాగారంలో, మూత బిగించిన పసుపు చెత్త పీపాలో, రేకు తొడిగిన చిన్న చెక్కముక్క ఉండిపోయింది. వయసులో తొందరపడి వంకరగా కొట్టిన మేకులు దానికింకా అలాగే ఉన్నాయి.