ఆరో నిమిషం

సబ్బుపొడి కార్ఖానాలో పొడి కలిపే డ్రమ్ము దగ్గర ఇరవై రెండేళ్లుగా ఆమెదే రాజ్యం. అందుకే అందరూ ఆమెను డ్రమ్మక్క అంటారు. తెల్లపొడిలో నీలం పలుకులు పోసి, పావుగంట తిప్పి దించడం ఆమె పని. ఈమధ్య పెద్ద రకం పలుకులు వాడుతున్నప్పటి నుంచి కొన్ని డబ్బాలు ఒక్క నీలం పలుకైనా లేదని దుకాణాల నుంచి తిరిగొస్తున్నాయి. డ్రమ్ము ముసలిదైపోయిందన్నాడు మేనేజరు. దాన్ని పాతసామానుకు వేసి, మనిషి అక్కర్లేని కొత్త మిషను తెప్పిస్తానన్నాడు.

అదే కార్ఖానాలో కొత్తగా చేరిన డ్రమ్మక్క కోడలు మాత్రం ఒక్క అవకాశం అడిగింది. నిన్న మేడమీది గదిలో అత్తకు కంప్యూటర్ చూపించింది. తెర మీద తను లెక్కగట్టి చేసిన కదిలే బొమ్మ: అడ్డంగా కోసినట్టు డ్రమ్ము, లోపల లక్షల కొద్దీ చిన్న తెల్లగుండ్లు, పెద్ద నీలంగుండ్లు. ఆరో నిమిషానికి నీలం అంతటా సమంగా పరుచుకుంది. ఆ తర్వాత మెల్లగా అంచులకు జరిగింది.

"ఇదేంటే, కలిపేకొద్దీ విడిపోతున్నాయి?"

"చిన్నవి సందుల్లోంచి జారి మధ్యకు పోతాయి అత్తయ్యా. పెద్దవి అంచుకు చేరతాయి."

"అచ్చం మన చుట్టాలే! వచ్చిన పూట అందరూ ఒకటే, నాలుగు రోజులుంటే ఎవరి జట్టు వాళ్లది."

ఈరోజు పరీక్ష. ఆరు నిమిషాలు తిప్పి, డ్రమ్ములో పదిచోట్ల నుంచి పది కప్పులు తీసి పలుకులు లెక్కపెట్టాలి. మేనేజరు, కోడలు పక్కగదిలో కప్పులకు అంకెలు అంటిస్తున్నారు. డ్రమ్మక్క మీట నొక్కింది. ఆరు నిమిషాలయింది. చెయ్యి మీట దాకా వెళ్లి ఆగిపోయింది. పిల్లకిది మొదటి పని, తక్కువ కలిసి పరువు పోతేనో? ఇంకాస్త తిరిగితే పోయేదేముంది? ప్రేమకొద్దీ మరో నాలుగు నిమిషాలు తిప్పింది.

అంచున తీసిన కప్పులో ముప్పై ఒకటి. మధ్యలో తీసినదాంట్లో తొమ్మిది.

"బొమ్మలు బాగున్నాయమ్మా," అన్నాడు మేనేజరు. "పొడి ఆ బొమ్మలు చూళ్లేదు, అంతే."

కోడలు అంకెలు చూసింది, మేడమీదికి పరుగెత్తింది, అంతే వేగంగా దిగొచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి.

"సార్, ఇది ఆరు నిమిషాల పొడి కాదు. పది నిమిషాలది!"

"నువ్వు చూశావా?"

"లేదు. పదో నిమిషం బొమ్మలో అంచున ముప్పై, మధ్యలో పది ఉన్నాయి!"

డ్రమ్మక్క చటుక్కున మేడవైపు చూసింది. ఎవరూ చూడలేదనుకున్న నాలుగు నిమిషాల్ని ఆ పెట్టె పట్టేసింది! నోరు విప్పితే తన ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అయినా ఆగలేకపోయింది.

"పదే సార్! నేనే తిప్పాను. గడియారం చూసి మరీ తిప్పాను!"

"అత్తయ్యా!"

"ఏంటే అరుస్తావు? నీ లెక్క నిజమని తేలిందా లేదా?"

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వేశాడు.

"మళ్లీ పొయ్యండి. ఈసారి మీట దగ్గర నేనుంటాను."

డ్రమ్ము తిరిగింది. మేనేజరు చెయ్యెత్తేలోపే, ఆరో నిమిషం నిండిన క్షణాన డ్రమ్మక్క టక్కున ఆపేసింది. ఇరవై. పంతొమ్మిది. ఇరవై ఒకటి. ఇరవై. పదో కప్పును మేనేజరు తనే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై.

"కొత్త మిషను వద్దులే. దీన్నే ఉంచుదాం," అన్నాడు.

డ్రమ్మక్క డ్రమ్ము వీపు మీద ఒక్క చరుపు చరిచి, కోడలి చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాగింది.

"పద పద! పొడి సగమే పోస్తే ఏమవుతుందో ఆ తెర మీద చూపించు."