విజయ పేరు మీద ఐదు రౌండ్లు

టైర్ల దుకాణంలో కూపన్ మీద నా పేరు రాయనివ్వలేదు నేను. అక్కడ మొదలైంది ఇదంతా.

మాది జీవాలు మేపుకునే ఇల్లు. మా ఆయన అంకన్న పోయాక ఆయన ట్రాలీ బండిని అమ్మడానికి మనసొప్పక నేనే నడపడం నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళుగా కొనకనమిట్ల చుట్టుపక్కల ఊళ్ళ గొర్రెల్నీ మేకల్నీ సంతలకు చేరవేస్తున్నాను. నా తోడికోడలు విజయకు కూడా నేనే నేర్పి లైసెన్సు ఇప్పించాను. ఆమె భర్త ఏడుకొండలు మంద వెంట పోతాడు గానీ బండి జోలికి రాడు.

పోయిన వేసవిలో మార్కాపురం పోయి నాలుగు టైర్లూ మార్పించాను. విజయ ఊరికే తోడొచ్చింది. దుకాణం బ్రహ్మం కూపన్ పుస్తకం తీసి, "పేరు చెప్పక్కా, డ్రాలో వేస్తా" అన్నాడు.

"నా పేరు వొద్దులే. నా పేరు ఏడ అచ్చొచ్చింది? పసుపు కుంకాలున్న మనిషి ఉంది గదా, విజయ పేరు రాయి" అన్నాను.

పెళ్ళిళ్ళలో అక్షింతలప్పుడు వెనక్కి జరిగే అలవాటు నాది. ఆ కాగితం ముందు నుంచి కూడా అట్లాగే జరిగాను. ఎవరూ జరగమనలేదు. ఫోను నంబరు మాత్రం నాది ఇచ్చాను, విజయ ఫోను ఎప్పుడూ ఏడుకొండలు జేబులోనే ఉంటుంది కాబట్టి.

నెల తర్వాత ఫోను మోగింది. "విజయగారేనా అండీ?" అంటూ టైర్ల కంపెనీ నుంచి ఒక ఆడపిల్ల గొంతు. డ్రాలో గెలిచారంది. కుక్కరో మిక్సీయో అనుకున్నాను. కాదు. హైదరాబాదు అవతల రేసులు నడిచే ట్రాక్ మీద సూపర్ కారు నడపవచ్చట. ఐదు రౌండ్లు. పక్కన నేర్పే మనిషి కూర్చుంటాడు. తోడు ఒకరు రావచ్చు, ఇద్దరికీ బస్సు టికెట్లు వాళ్ళవే.

"విజయగారేనా?" అని మళ్ళీ అడిగింది.

అవుననబోయి ఆగాను. "ఆమె మా తోడికోడలు" అన్నాను.

విజయ కొట్టంలో తల్లి లేని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. విషయం వినగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అక్కా, టైర్లు నీవి గదా. నువ్వే పో."

"పేరు నీది. నువ్వే పో" అన్నాను.

అన్నానే గానీ మనసులో అర్థం వేరు. అన్నానికి పిలిచినా మొదటిసారి వద్దంటాం. రెండోసారి పిలిస్తే లేస్తాం. ఆ రెండోసారి కోసం గుంజ పట్టుకుని నిలబడ్డాను. విజయ, "అట్లనే అంటావా అయితే?" అని, నవ్వు దాచుకోలేక తల వంచుకుని సీసా మళ్ళీ గొర్రెపిల్ల నోట్లో పెట్టింది.

రెండోసారి అడగలేదు.

ఆ రోజు నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు. విజయ పాట పాడుతూ వాకిలి ఊడిస్తే చీపురు లాక్కోవాలనిపించేది. ఎదురింటి వీరమ్మత్త ఊరుకుందా? "ఏందే శ్రీశైలమ్మా, గొర్రెలు మోసేదానికి నువ్వూ, రేసులకు ఆమెనా? నేర్పేటప్పుడు కొంచెం దాచుకోవాల్సింది గదే!" అని అరుగు మీద నుంచి అందరికీ వినపడేట్టు అంది.

పైగా మళ్ళీ నేర్పాల్సింది నేనే. ఫోనులో వీడియోలు పెట్టుకుని అటువంటి కార్లు ఎట్లా నడుపుతారో చూశాను. ఒక్కొక్కటి పది సార్లు చూశాను. పొద్దున్నే పలకల గని దారిలో, లారీలు మొదలు కాకముందు, విజయను ట్రాలీ ఎక్కించేదాన్ని.

"బ్రేకు మలుపులో గాదు, మలుపుకు ముందే తొక్కు. వెనక జీవాలు నిలబడి ఉండాయనుకో. ఒక్కటి గూడా పడగూడదు."

"ఖాళీ బండే గదక్కా."

"ఉండాయనుకో అంటిని గదా! చూపు బండి ముందర పెట్టుకోబాక. మలుపు అవతల పెట్టు. చూపు యాడ పోతే చెయ్యి ఆడికే పోతాది."

"మరి స్పీడు?"

"ఐదు రౌండ్లే ఇచ్చేది. మొదటిది దారి చూసుకునేదానికి. రెండోది కాలుకు అలవాటు. మూడో దాంట్లో తొక్కు. మొదట్లోనే తొక్కితే దారీ దక్కదు, స్పీడూ దక్కదు. ఆఖరుది నిదానంగా తీసుకొని రా, అప్పుడే కారు ఎట్లుందో తెలుస్తాది."

"నీకెట్ల తెలుసక్కా ఇదంతా?"

"దారి చూడు" అన్నాను. ఆమెకు చెప్పే ప్రతి మాటా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

పోవడానికి రెండు రోజుల ముందు ఆ పిల్ల మళ్ళీ ఫోను చేసింది. బూట్లు వేసుకోవాలి. చీర వద్దు. కడుపు నిండా తినవద్దు. "లైసెన్సు ఒరిజినల్ తేవాలండీ. జిరాక్సు ఒప్పుకోరు" అని రెండు సార్లు చెప్పింది.

నేను విజయకు బూట్ల సంగతి చెప్పాను. చీర సంగతి చెప్పాను. తిండి సంగతి చెప్పాను.

"లైసెన్సు పెట్టుకో" అన్నాను. అంతే అన్నాను.

మా ఇళ్ళలో ఒరిజినల్ ఏదీ గడప దాటదు. పోగొట్టుకుంటే మళ్ళీ ఎన్ని ఆఫీసులు తిరగాలో అని పెట్టెలో రేషన్ కార్డు కింద దాచి, లామినేషన్ చేయించిన జిరాక్సు పర్సులో పెట్టుకుంటారు. విజయదీ అంతేనని నాకు తెలుసు. రోజూ రోడ్డు మీద ఆపేవాళ్ళకు చూపించాలి కాబట్టి నా ఒరిజినల్ నా దగ్గరే ఉంటుంది.

బయల్దేరేటప్పుడు నా కాళ్ళకేసి చూసి విజయ నవ్వింది. "నీకెందుకక్కా బూట్లు?"

"మడమ నొప్పి" అన్నాను.

ట్రాక్ దగ్గర పసుపుపచ్చ కారు నేలకు కరుచుకుని ఉంది. మా పొట్టేలంత ఎత్తు కూడా లేదు. టేబుల్ దగ్గర కూర్చున్న అబ్బాయి విజయ ఇచ్చిన కార్డును వేళ్ళతో వంచి చూసి, "ఇది జిరాక్స్ అమ్మా. ఒరిజినల్?" అన్నాడు.

విజయ ముఖం పాలిపోయింది. "ఇంట్లో ఉంది సార్. భద్రంగా ఉంది. ఫోటో తీయించి పంపియ్యమంటా" అంది. కుదరదన్నాడు. మరో రోజు రావడమూ కుదరదట. కావాలంటే వెంట వచ్చిన ఇంటి మనిషికి రాసివ్వవచ్చు, వాళ్ళ దగ్గర ఒరిజినల్ ఉంటే.

విజయ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "మా అక్క కాడ ఉంటాది. నాకు నేర్పిందే ఆమె. నువ్వు నడుపక్కా."

ఈసారి నేను వద్దనలేదు. మొదటిసారికే కార్డు తీసి టేబుల్ మీద పెట్టాను.

పక్కన కూర్చున్న ఆయన పేరు జీవానందం. మొదటి రౌండు దారి చూసుకున్నాను. రెండో రౌండులో ఆయన, "ఏం నడుపుతారమ్మా మీరు? అందరూ బ్రేకు మీద ఎగిరి దూకుతారు. మీ బ్రేకుకు నా తల కూడా ఊగలేదు" అన్నాడు.

"గొర్రెలు" అన్నాను.

మూడో రౌండులో తిన్నని దారి రాగానే "తొక్కండి" అన్నాడు. తొక్కాను. వెనక జీవాలు లేవు. వీపు సీటుకు అతుక్కుపోయింది. తొమ్మిదేళ్ళుగా కాలి కింద దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు అరిచాను. నాలుగో రౌండు ఎప్పుడు అయిందో తెలియలేదు.

ఐదోది నిదానంగా తెచ్చాను. అప్పుడు కనిపించింది విజయ. కంచె అవతల ఎండలో నా సంచీ చంకన పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. నేను గెలిచినట్టు. అంతసేపూ రాని కడుపుమంట మళ్ళీ వచ్చింది. ఆమె చోట నేనుంటే చెయ్యి ఎత్తి ఉండేదాన్ని కాదు.

తిరుగు బస్సు టీకి ఆగినప్పుడు చెప్పేశాను. "ఆ పిల్ల ఒరిజినల్ అని చెప్పింది. రెండు తూర్లు. నేనే నీకు చెప్పలా."

విజయ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది.

"ఆ పొద్దు రెండోసారి అడగాలని నాకూ తెలుసక్కా" అంది. "అడిగితే నువ్వు ఊ అంటావని భయపడినా. అందుకే అడగలా."

మార్కాపురం దాకా ఆమె కిటికీ వైపు, నేను నడిమి దారి వైపు చూస్తూ కూర్చున్నాం. దిగాక, పోయేటప్పుడు అక్కడ నిలిపి పోయిన ట్రాలీ దగ్గర విజయ చెయ్యి చాపింది.

"తాళం ఇటియ్యి."

"నీ కాడ జిరాక్సే ఉంది."

"ఎవురు ఆపుతారో ఆపనీ. కంపెనీ వాళ్ళు ఐదు రౌండ్లు నీకిచ్చినారు. ఇంటిదాకా నాకియ్యి."

ఇచ్చాను. నాలుగూ కొత్త టైర్లే. ఊరి బయట పెద్ద మలుపు వచ్చింది. విజయ ముందే కాలు బ్రేకు మీద మెత్తగా ఆనించింది. చూపు మలుపు అవతల పెట్టింది. నా తల ఊగలేదు. వెనక నిండా గొర్రెలున్నా ఒక్కటీ పడేది కాదు.

ఆ పసుపుపచ్చ కారులో నేను ఏ మలుపునూ అంత బాగా తిప్పలేదు. పలకల గని దారిలో నేర్పింది నేనే కదా అని నాకు నేను చెప్పుకోబోయాను. కడుపులో మంట తగ్గలేదు.