ఆమె అనని మాటలు

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ ల్యాబ్‌లో పొద్దున మొదలైన రొద మధ్యాహ్నమైనా ఆగలేదు. పాలిష్ యంత్రాల హోరుకు పనివాళ్ళంతా చెవిమూతలు పెట్టుకున్నారు. అవి పెట్టుకున్నాక మాటలు వినబడక ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆ గోలలో నింపాదిగా ఉన్నది ఒక్క అమ్మాయే. వేడి చాకుతో మైనపు చిగుళ్ళను చెక్కుతోంది. ఆమెకు పుట్టుకతోనే వినబడదు. విశ్వవిద్యాలయంలో ఈ పనే చదువుతోంది, చివరి ఏడాది శిక్షణకు ఇక్కడికి వచ్చింది.

ఆమెకు ఎదురుగా, కిటికీ వెలుతురు తన వెనక పడకుండా చూసుకుని, అందరూ చేతుల మాస్టారు అని పిలిచే మనిషి నిలబడి ఉన్నాడు. పెద్ద మేస్త్రీ అరిచి చెబుతున్న కొలతలను చేతులతో ఆమెకు చెబుతున్నాడు. అసలు ఉద్యోగం పేరు సైగల అనువాదకుడు. వినబడని విద్యార్థులు పనిచోట్లకు వెళ్తే విశ్వవిద్యాలయం అతన్ని తోడు పంపుతుంది. యాభై దాటిన మనిషి. సైగలు స్పష్టంగా కనబడాలని నల్లచొక్కా వేసుకుంటాడు, ఉంగరం పెట్టుకోడు, గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటాడు. పెదాల కదలిక దాగకూడదని మీసం ఏనాడో తీసేశాడు. ఇట్టే మరిచిపోయే ముఖం.

ఆ ఉద్యోగానికి ఒక ధర్మముంది. గదిలో వినబడ్డ ప్రతి మాటా విద్యార్థికి చేరాలి, అది తిట్టయినా సరే. విద్యార్థి చేతులతో అన్నదాన్ని అన్నంతే పైకి పలకాలి. 'ఆమె ఇలా అంటోంది' అనకూడదు, 'నేను' అనే పలకాలి. ఆ 'నేను'లో అనువాదకుడు దూరకూడదు. ఇన్నేళ్ళలో మాస్టారు ఒక్కసారీ దూరలేదు.

అయితే ఈ ల్యాబ్‌కు వేరొకరు వెళ్తానన్నా వినకుండా, పట్టుబట్టి తనే వచ్చాడు. యజమాని కోసం వచ్చాడు.

మాస్టారి అక్కకూ వినబడేది కాదు. ఆమె కూడా ఇదే చదువు చదివి, శిక్షణకు ఇక్కడికే వచ్చింది. అప్పట్లో తోడు పంపే ఏర్పాటు లేదు. ఇప్పటి యజమాని అప్పుడు సూపర్‌వైజర్. రోజూ అక్క భుజం తట్టేవాడు, నవ్వేవాడు, బాగుందని బొటనవేలు పైకెత్తి చూపేవాడు. ఆఖర్న 'ఈ పనికి పనికిరాదు' అని రాసి పంపాడు. అక్క ఆ బొటనవేలిని నమ్మి ఇంట్లో అందరికీ చూపించి మురిసింది. చదువు అక్కడితో ఆగింది. ఆ తర్వాత జన్మంతా తమ్ముడి ఇంట్లో స్వెట్టర్లు అల్లుకుంటూ గడిపి, నిరుడు జ్వరమొచ్చి పోయింది. పాము పగ అంటారు గానీ, పాముకైనా మధ్యలో కుబుసం విడిచే తీరిక ఉంటుంది. మాస్టారికి అదీ దొరకలేదు.

యజమాని మటుకు చల్లగా ఉన్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, పై వరస ముందు పళ్ళు పోతే కట్టుడు పళ్ళు పెట్టుకున్నాడు. తేనె పూసిన కత్తికి తుప్పు కూడా పట్టదు కాబోలు.

భోజనాల వేళ, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అమ్మాయి నవ్వింది.

'యజమాని కొత్త పళ్ళు చూశారా మాస్టారూ? నేను చేసినవే' అని సైగ చేసింది.

పోయిన వారం పాతవి విరిగితే యజమాని ఆ పని పెద్ద మేస్త్రీకి ఇచ్చాడు. మేస్త్రీ తీరిక లేక అమ్మాయికి అప్పగించాడు. కొత్తవి పెట్టుకుని యజమాని అద్దంలో చూసుకుని, "ఇన్నాళ్ళకి సరిగ్గా కూర్చున్నాయి" అని మేస్త్రీని పొగిడాడు. మేస్త్రీ బుర్ర గోక్కుని ఊరుకున్నాడు.

'ఇవాళ నేనే చెప్తాను. మీరు ముందే అనేయకండి' అంది అమ్మాయి. ఆమె కళ్ళల్లో కూడా కాస్త కారం ఉంది. మాస్టారికి అది చూసి ప్రాణం లేచొచ్చింది.

భోజనాలయ్యాక విశ్వవిద్యాలయం నుంచి శిక్షణలు చూసే మేడమ్ వచ్చింది. యజమాని గాజుగదిలో నలుగురూ టీ కప్పులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. యజమాని సరేనంటే అమ్మాయికి పట్టా వస్తుంది. కాదంటే ఏడాది పోతుంది.

యజమాని అందరిలాగే అమ్మాయిని వదిలేసి మాస్టారి వైపు చూస్తూ మాట్లాడాడు.

"చాలా మంచి పిల్లండీ. చెప్పండి ఆ అమ్మాయికి."

ఆ తర్వాత అదే నవ్వుతో మేడమ్ వైపు తిరిగాడు. "మనలో మాట మేడమ్. మంచితనం వేరు, పని వేరు. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మొహం మీద అనలేం కదా పాపం. మీరే ఎలాగో నచ్చజెప్పండి." మాస్టారి చేతులు కదులుతున్నాయని అప్పుడు చూశాడు. "అయ్యో, ఇది చెప్పకండి."

మాస్టారు అది కూడా చెప్పాడు.

అమ్మాయి తొందరపడలేదు. యజమాని నోటి వైపు వేలు చూపింది, తన చేతులు చూపింది. 'మీ నోట్లో ఉన్న పళ్ళు నేను చేశాను.' అంతే. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మీ నోట్లో ఉన్న పళ్ళు నేను చేశాను" అన్నాడు మాస్టారు.

అక్కడ ఆగాలి. ఆగలేదు.

"మీరు అప్పుడూ ఇంతే. ముందు భుజం తట్టి వెనక గొంతు కోశారు. మీ బొటనవేలు చూసి మురిసిపోయాను నేను. మీ మూలంగా ఒక మనిషి జన్మంతా గోడలు చూస్తూ కూర్చుంది. మీకు సిగ్గు లేదు. ఆ పళ్ళు రాలగొట్టాలని ఉంది నాకు."

గొంతు పెంచలేదు. రోజూ పలికే ఆ చదును గొంతుతోనే పలికాడు. ఇన్నేళ్ళలో ఏ మాటా అతని నాలుకకు అంత రుచిగా తగల్లేదు.

యజమాని ముఖం కందగడ్డయింది. "చూశారా మేడమ్ పొగరు? నా పళ్ళు రాలగొడుతుందట. రాసుకోండి, ఈ పనికి పనికిరాదు."

పళ్ళు ఎవరు చేశారన్న సంగతి ఆ తిట్లలో కొట్టుకుపోయింది. మేడమ్ కలం తీసింది. ధర్మం ప్రకారం ఆ మాటలు కూడా అమ్మాయికి చేరాలి. మాస్టారు చేర్చాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

'నేను అలా అనలేదు. నా చేతులు కొంచెమే కదిలాయి. మీ పెదాలు అంతసేపు ఎందుకు కదిలాయి?'

మాస్టారు ఆ ప్రశ్నను కూడా పైకి పలికాడు. ఆ తర్వాత, చేతులతో చెబుతూనే, తన గొంతుతో అన్నాడు. "ఆ తిట్లు నావి మేడమ్. పళ్ళు నేను చేశానన్న మాటొక్కటే ఈ అమ్మాయిది. మా అక్క ఈయన దగ్గరే శిక్షణకు వచ్చింది. ఆమెనూ ఇలాగే పనికిరాదని రాసి పంపారు."

"ఎవరి అక్క?" అన్నాడు యజమాని. అతనికి నిజంగానే గుర్తు లేదు. అన్నిటికంటే అదే మాస్టారికి ఎక్కువ మండింది.

అమ్మాయి అడిగింది. 'ఆ రోజు మీ అక్క ఏమంది?'

మాస్టారి చేతులు పైకి లేచి అక్కడే ఆగాయి. అక్క బదులు తను అరిచాడు, అన్నం మానేశాడు, పగబట్టాడు. నువ్వేమంటావని అక్కను ఒక్కనాడూ అడగలేదు.

'మీరు బయటికి వెళ్ళండి.'

"మీరు బయటికి వెళ్ళండి" అని పలికాడు మాస్టారు. తననే అన్నారనుకుని యజమాని కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. మాస్టారు లేచి వెళ్ళిపోయాడు.

బయట యంత్రాల హోరు. లోపలి మాట ఒక్కటీ వినబడదు. పెద్ద మేస్త్రీ చెవిమూత తీసి పక్కన నిలబడ్డాడు.

"లోపల ఏమంటున్నారు మాస్టారూ?"

"నాకు తెలీదు."

అమ్మాయి బయటికి వచ్చి, అరలోంచి యజమాని దవడ అచ్చు తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. ప్లాస్టర్‌తో పోసిన ఆ అచ్చును బల్ల మీద పెట్టి, యజమాని ముందు అరచెయ్యి చాపింది. యజమాని ఎవరితో మాట్లాడాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి ఆమె ముఖంలోకే చూశాడు. చెయ్యి అలాగే ఉంది. మేస్త్రీ గొణుక్కుంటూ తలుపు తీసి, "నిజమే సార్, ఆ పిల్లే చేసింది" అని చెప్పి వచ్చేశాడు. అప్పుడు యజమాని గోడ వైపు తిరిగి పళ్ళు ఊడదీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని అచ్చు మీద పెట్టి నొక్కితే సరిగ్గా కూర్చున్నాయి. మేడమ్ చేతికిచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని యజమాని ఏదో చెప్పబోయాడు. మేడమ్ అర్థంకాక ముఖం చిట్లించి చెవి ముందుకు వంచింది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ వంచింది. మాస్టారు గాజులోంచి ఆ ముచ్చట రెప్ప వెయ్యకుండా, కడుపు నిండా చూశాడు.

అమ్మాయి బయటికి వచ్చింది.

'పాసయ్యాను. నా తరఫున ఏమన్నారో ఇప్పుడు మొత్తం చెప్పండి.'

చెప్పాడు. ఒక్క తిట్టు కూడా దాచలేదు. ఆమె ఆసాంతం చూసింది.

'బాగున్నాయి. మీవిగా అనుంటే ఇంకా బాగుండేవి. ఇకమీదట వేరేవాళ్ళని పంపమంటాను.'

మాస్టారు తలూపాడు. ఆ మాటలు అన్నందుకు అతనికి ఇప్పటికీ బాధ లేదు. ఆమె నోట పెట్టి అన్నందుకు మాత్రం తల ఎత్తలేకపోయాడు. మెడలోని ఉద్యోగపు కార్డు తీసి మేడమ్‌కు ఇచ్చాడు. పెద్ద మేస్త్రీ చెవిమూత పెట్టేసుకున్నాడు.

గాజుగదిలో బల్ల మీది కప్పులన్నీ ఎత్తేశారు, ఒక్క మాస్టారి కప్పు తప్ప. మాట్లాడినంతసేపూ రెండు చేతులకూ పని ఉండడంతో అతను దాన్ని ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.